కోత పండగనాడు మూగబోయిన మైకు

నవ్వకు. నవ్వావంటే ఈ టీ నీ నెత్తిమీద పోసీగలను, బెన్హరూ. మరిదివని కూడా సూడను.

కోత పండగ, చర్చినిండా జనం, బొబ్బిలి నుంచి పాస్టరుగారొచ్చారు. గొంతు ఆపరేషనయ్యాక మొదటిసారి నిలబడి నేను పాటందుకుంటే, మైకు సచ్చిపోయింది! సావలేదంటావా? మరేటయ్యింది, నిద్దరపోయిందా?

మైకుల సౌండు సరిసేసే ఆ పాత మిక్సరుకి ఏటొచ్చిందిరా? రెండు నాబులుండేవి. తిప్పితే కరకరలాడేవి, నిజమే. కానీ తిప్పినోడి మాట వినేవి. నువ్వొచ్చి వాటిని పీకీసి, "డిజిటల్ పొటెన్షియోమీటర్లు పెట్టాను వదినా, వెనక బెంచీలో కూకుని బటన్ నొక్కితే సాలు" అన్నావు. అబ్బో! లేసెళ్ళి తిప్పడానికి బద్ధకం, దానికంత పేరు.

నాకేటీ తెలీదనుకోకు. ఇందాక మూత ఇప్పి సూపించావు కదా, బోధపడింది. ఆ మైక్రోకంట్రోలర్ ఉన్నాది సూడు, అది టీచరు. రెండు తీగలు లాగి, నాబుల బదులు తెచ్చిన రెండు చిప్పులూ వాటిమీదే కూకోబెట్టావు. ఒకటి నా మైకుకి, ఒకటి సంఘపెద్ద సత్యానందంగారి మైకుకి. టీచరు ముందు పేరు పిలుస్తాది, తర్వాత ఇంత సౌండు పెట్టమని అంకె సెప్తాది. అంతేనా?

నా మూడో తరగతిలో ఇద్దరు గున్నమ్మలున్నారు. మొదటిరోజు "గున్నమ్మా, ఆఫీసు గదికెళ్ళి సుద్దముక్క తే" అన్నాను. ఇద్దరూ లేసి పోయారు! ఆ పూటే ఒకదానికి సిన్న గున్నమ్మని పేరెట్టీసాను. పెద్ద తెలివేటి కావాలి దానికి? డిప్లొమా సదివినోడివి, నీకు తట్టలేదు. పేరు మార్చడానికి చిప్పుకో కాలుందంట. అటు టంకం పెడితే ఒక పేరు, ఇటు పెడితే ఇంకో పేరు. నువ్వు రెండిటికీ ఒకేవేపు పెట్టీసావు!

ఏటీ, పరీక్ష సేసావా? ఎలా సేసావో నేను సూడలేదా! ఒక మైకు తగిలించి "హలో, హలో". అది పీకీసి రెండోది తగిలించి "హలో, హలో". రెండూ ఒక్కసారి తగిలించావా? రోజుకో గున్నమ్మే బడికొస్తే నాకు మాత్రం ఎలా తెలుస్తాది?

నేను రెండో చరణంలో ఉన్నాను. సత్యానందంగారు మైకు నోటికానించుకుని "స్తోత్రం!" అని ఒకటే అరుపు. ఆయన్ని తగ్గిద్దామని నొక్కావు. నేనూ తగ్గిపోయాను. కంగారుపడి పెంచావు, ఇద్దరం పెరిగిపోయి బాక్సు కుయ్యిమంది. పాస్టరుగారు సెవులు మూసుకున్నారు. దాంతో సున్నాకి దించీసావు. ఏం తెలివిరా నీది!

ఈ పాట కుదిరితే పాటల బృందం నా సేతిలోనే ఉంటాది, లేదంటే నా పక్కన పాడే బేబీకి ఇచ్చీడమే అని పెద్దలు ముందే అనీసుకున్నారు. నీకు తెలీదా? నా పదిహేనేళ్ళ పాట నీ బటను మీద పెట్టాను!

ఏటి లేస్తన్నావు? ఆ టంకం పెట్టే ఐరన్ అక్కడ పెట్టు. కూకో, సెప్తన్నాను కదా.

పెద్దలేటన్నారో తెలుసా? "పాపం లీలారాణమ్మ బాగానే పాడింది, ఆ కుర్రోడి మిషనే పాడుసేసింది, వచ్చే ఆదివారం మళ్ళీ పాడిద్దాం" అన్నారు.

బాగానే పాడానంట.

నువ్వు సున్నాకి దించిన ఆ కాసేపట్లోనే నేను పైకెళ్ళాల్సిన చోటొచ్చింది. ఎళ్ళాను. అక్కడ గొంతు లేదురా. గాలి, అంతే. పక్కన నిల్చున్న బేబీ ఒక్కర్తే విన్నాది. వినీసి తలొంచుకున్నాది, బంగారం లాంటి పిల్ల.

డాక్టరు ముందే సెప్పాడు. మీ అన్నయ్యకి కూడా సెప్పలేదు నేను.

అందుకని బాగుసెయ్యకు. ఆదివారం కూడా అది అలాగే ఉండనీ. ఊరంతా నిన్నే తిడతాది, తిట్టనీ. నేనూ తిడతాను, అందరికంటే గట్టిగా.