గోల్‌కీపర్ మాన్యును ఎత్తుకపోయిన దినం

"మామా, మ్యాచ్ నడుస్తుంటే నువ్వు గ్రౌండ్‌ల దిగినవంట గదా, అమ్మ చెప్పింది. ఏమైందప్పుడు?"

అమ్మ చెప్పిందా. మీ అమ్మకు సగమే ఎర్క బిడ్డా. భయపడ్తదని నేనే ఫోన్ల సగం చెప్పిన. రికార్డ్ చేస్కో, ఏం కాదు. ఇప్పుడు ఆ క్లబ్బే లేదు.

ఈ గల్ఫ్‌ల అల్ ఖూజ్ దిక్కు మా కంపెనీ గోదాములున్నయ్ చూడు, గాడ నేను లేబర్ బస్సు డ్రైవర్ని. మా పెద్ద కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన సేటుకు, ఫుట్‌బాల్ అంటే పానం. కంపెనీ పేరు మీద ఒక టీం పెట్టిండు. చిన్నదే, కింది లీగ్‌ల ఆడేది. లేబర్‌ను దింపి, అదే బస్సుల ఆటగాళ్లను ఎక్కించుకొని పోయేటోన్ని. మొదట్ల నాకు ఆటే తెల్వదు. మనూర్ల కబడ్డీ తప్ప ఏముండె? చూసుకుంట చూసుకుంట పిచ్చి పట్టింది. శుక్రారం జుమ్మా వచ్చిందంటే... కాదు కాదు, అప్పటికి మ్యాచ్‌లు శనివారానికి మారినయ్. శనివారం వచ్చిందంటే నాకు అన్నం సయించకపోయేది. నలభై మందిమి కూసునేటోళ్లం. మలబారీలు, పఠాన్లు, మన జగిత్యాలోళ్లు ఆరుగురు. నూనె డబ్బా కొట్టుకుంట ఒర్రేటోళ్లం. గప్పుడు చాయ్ ఒక్క దిర్హమే, గ్రౌండ్ బయటనే దొరికేది.

కరోనాల పెద్దాయన మంచం పట్టిండు. ఆయన జాగల కొడుకు వచ్చిండు. చెడ్డోడని నేననను, కాని బాల్ మీద మనసు లేదు. తన దోస్తును తెచ్చి టీంకు ముదీర్ని, అంటే మేనేజర్ని చేసిండు. ఆ ముదీర్ ఎన్నడు బాల్ తన్నిన మనిషి కాదు. ముందుగాల కోచ్‌ను తీసేసిండు. మల్ల ఫిలిప్పీన్స్ డాక్టర్‌ను... డాక్టర్ కాదు, ఫిజియో అంటరు, దెబ్బ తాకితే చూసేటోడు, ఆయన్ను గూడ పంపిచ్చిండు. ప్రాక్టీస్‌కు గ్రౌండ్ కూడ బంద్. ఎట్ల గెలుస్తరు నువ్వే చెప్పు? వరసగ ఏడు మ్యాచ్‌లు పోయినయ్.

ఒక దినం మాతోని కూసునే గుల్ ఖాన్ లేసి నిలబడి, "ముదీర్‌ను మార్చుండ్రి" అని హిందీల ఒర్రిండు. మేమందరం అందుకున్నం. మల్లవారం గుల్ ఖాన్ లేడు. ఎడారిల ఎక్కడ్నో ఉన్న సైట్‌కు మార్చిండ్రంట. టీం ఓనరే మా కఫీల్ గద బిడ్డా. మా వీసాలన్ని ఆయన చేతులనే ఉండె. గంతే, ఆ దినం నుంచి డబ్బా కొట్టుడు బందైంది. ఓడితే తల వంచుకొని బస్సెక్కుడు. 

ఇగ ఆ మ్యాచ్. పొద్దుగూకలె ఇంకా, ఎండ ఉన్నది. మా గోల్‌కీపర్ మాన్యు, ఘనా దేశమోడు, బస్సుల ఎప్పుడు నా ఎన్క సీట్లనే కూసునేది. నన్ను "బాబా" అనేటోడు. బాల్ కోసం ఎగిరి దుంకి, తల పోయి ఇనుప కంబానికి తాకింది. ఆ సప్పుడు మేం కూసున్న కాడికి ఇనబడ్డది. కొంచెంసేపు లేవలె. లేసిండు మల్ల. ముదీర్ బయట నుంచే చెయ్యి ఊపిండు, "యల్లా యల్లా, కుచ్ నహీ హువా" అని. ఏం కాలె, ఆడుమని. చూసెటోడెవడు, ఫిజియోనే లేకపాయె. మాన్యు పోయి మనవైపు గోల్ ఇడిచిపెట్టి అవతలి గోల్ దిక్కు నడుస్తుండు. కొందరు నవ్విండ్రు.

నాకు నవ్వు రాలె. నా దోస్తు రాజం షార్జాల సైట్ మీద పడ్డప్పుడు గూడ గట్లనే లేసిండు. ఏం కాలేదన్నడు, చాయ్ తాగిండు, రూంకు పోయి పండిండు. మల్ల లేవలె. నేనే ఆని శవం పెట్టెతోని ఊరికి పోయిన.

నీకు అబద్ధం చెప్పను, భయమైంది. దిగితే వీసా పోతది. దిగకపోతే... ఎట్ల దిగిన్నో తెల్వదు గని, గ్రౌండ్ నడుమల ఉన్న. రిఫరీ సీటీ ఊదుతున్నడు. మాన్యు చెయ్యి పట్టుకుంటే నన్ను గుర్తు పట్టలె. ముదీర్ ఉరికొచ్చి నా అంగీ పట్టుకున్నడు.

"నీ వీసా ఎవని చేతుల ఉన్నదో ఎర్కేనా?"

"ఎర్కే సార్. ఈన్ని దవాఖానకు తీస్కపోయొస్త. మల్ల మీ ఇష్టం."

అంబులెన్స్ ఉండాలె నిజానికి, లేకుండె. ఎవలి పర్మిషన్ లేకుంట కంపెనీ బస్సు తీసిన. గంత పెద్ద బస్సుల ఇద్దరమే. మాన్యు కక్కుకున్నడు. "బాబా, మనం గెలుస్తున్నమా?" అన్నడు. "ఆ, గెలుస్తున్నం" అన్న. మల్ల అదే అడిగిండు. మూడోసారి గూడ అదే. నాకు ఏడుపొచ్చింది గని స్టీరింగ్ ఇడువలె.

తలల రక్తం గడ్డ కట్టిందంట. ఆపరేషన్ చేసిండ్రు. గాడ భీమవరం దిక్కు నర్సమ్మ ఉండె, "ఇంకో గంట ఆలస్యమైతే మేమేం చేయలేకపోయేవాళ్లమండీ బాబాయ్ గారూ" అన్నది.

ఆ తర్వాతి తొమ్మిది దినాలు పగోనికి గూడ వద్దు. ఫోన్ మోగితే ఆఫీసోళ్లే అనుకునేటోన్ని. అజ్మాన్‌ల నేనుండే రూంల బ్యాగ్ సర్ది పెట్టుకున్న. పదో దినం ఆఫీసుకు రమ్మన్నరు. చిన్న కఫీల్, పక్కన ముదీర్.

"బస్సు ఎవల్నడిగి తీసినవ్?" అన్నడు కఫీల్.

"ఎవల్నడగలె సార్."

కఫీల్ లేసి తలుపు మూసిండు.  పోలీసులొచ్చి మాన్యు దెబ్బ గురించి ఆయన్ను అడిగిపోయిండ్రని అటెన్క తెల్సింది. నేను ఆయనకు భయపడుడు, ఆయన నాకు భయపడుడు. "బయట ఎవ్వలకు చెప్పకు, ఖలాస్" అన్నడు. నన్ను బస్సు పని నుంచి తీసేసి గోదాం గేటు కాడ కూసోపెట్టిండు. వీసా పోలె. సీజన్ అయిపోంగనే క్లబ్బుకు తాళమేసిండ్రు.

మాన్యు బతికిండు. ఇంటికి పోయిండు. ఒక చెవు ఇనబడదు, ఆట లేదు. ఆన్ని తల్సుకుంటే సంబురమే. కాని బిడ్డా, నాకు ఒక్కటే మిగిలిపోయింది. ఫిజియోను ఎందుకు తీసేసినవ్ సార్ అని ఆ గదిల ముదీర్ను అడుగుదామనుకున్న.  మాట రాలె. ఇప్పటికీ పండుకుంటే అదే యాదికొస్తది, అడగకపోతినే అని...

నువ్వు నిన్నగాక మొన్న ఈ గల్ఫ్‌కు వచ్చినవ్, నీది ఆఫీసు పని. నీ మీదుండేటోళ్లు మంచోళ్లుండాలె. లేకుంటే, అడగాల్సిన కాడ నీకు మాట రావాలె బిడ్డా. భయం ఉంటది, ఉండనీ... మాటైతే రావాలె.