తిన్నానని నొక్కారు

(ప్లేనో, టెక్సస్. ఇన్సులిన్ పంపులు తయారుచేసే ఒక కంపెనీ. టెస్టింగ్ ల్యాబ్ పక్కన చిన్న గది. మేనేజర్ కృష్ణమోహన్, టెస్టర్ రజిని. మధ్యాహ్నం ఒంటిగంట.)

"రాజేశ్వరమ్మ గారు మళ్ళీ పోయారండీ."

"ఎన్నింటికి?"

"రెండూ పదికి."

"నిన్న రెండింటికే పోయిందిగా. పది నిమిషాలు మెరుగు."

"దాన్ని మెరుగనరండీ."

"రజినీ, ఆవిడ అసలు లేనే లేదు. కంప్యూటర్లో నువ్వు తయారుచేసిన పేషెంటు. రక్తంలో చక్కెర నలభై కిందికి పడితే పోయినట్టు మనమే రాసుకున్నాం. మిగతా ముప్ఫై మంది ఎలా ఉన్నారో చెప్పు."

"అందరూ బతికే ఉన్నారండీ. పన్నెండో నంబరాయన రోజుకి రెండు పిజ్జాలు తిని కూడా బతికాడు."

"ఆ మారథాన్ అబ్బాయి?"

"పరిగెత్తాడు. వచ్చి బీరు తాగాడు. పడుకున్నాడు. పొద్దున్నే లేచాడండీ."

"చూశావా! మన పంపు అంత మంచిది. ఈవిణ్ణి తీసెయ్యి. రెండింటికి లిస్టు పై ఆఫీసులో కౌస్తుభ్‌కి వెళ్ళాలి. ముప్ఫైకి ముప్ఫై పాసైతే సోమవారం నుంచి నిజం మనుషులకి పెడతారు."

"అందుకేనండీ తీయకూడదంటున్నా."

"మళ్ళీ మొదలుపెట్టకు."

"మీరు లంచ్‌కి వెళ్తున్నట్టున్నారు. డబ్బా పట్టుకునే వచ్చారు."

"అయిదు నిమిషాల క్రితం నా పంపులో భోజనమని నొక్కాను. నొక్కగానే ఇన్సులిన్ ఇచ్చేస్తుంది, పావుగంట ఆగి తింటే మంచిది, నీకు తెలుసుగా. ఆ పావుగంట నీకిస్తున్నా. చెప్పు. ఏం చేస్తుంది ఈ మహాతల్లి?"

"ఒంటిగంటకి భోజనమని నొక్కుతారండీ. అరవై గ్రాముల పిండిపదార్థం తింటున్నానని."

"తర్వాత?"

"తినరు."

"తినరా?"

"తినరండీ."

"తిననప్పుడు నొక్కడం దేనికి?"

"నొక్కకపోతే వాళ్ళబ్బాయి ఫోన్ చేస్తారు."

"లేని మనిషికి అబ్బాయి కూడానా!"

"ఫణికుమార్ గారు. ఇక్కడే, పక్కన ఫ్రిస్కోలో ఉంటారు."

"...నిజం మనిషా?"

"నేను అద్దెకుండేది వాళ్ళింట్లోనేనండీ, మేడమీద గదిలో. రాజేశ్వరమ్మ గారు వాళ్ళమ్మ. గ్రీన్ కార్డు మీద ఇక్కడే ఉంటారు. వేరే కంపెనీ పంపు పెట్టారు ఆవిడకి. భోజనమని నొక్కితే ఆయన ఫోన్‌లో కనిపిస్తుంది. కనిపించకపోతే ఒంటిగంటా అయిదుకల్లా ఫోన్. అమ్మా, తిన్నావా? మీటింగు మధ్యలో లేచి వచ్చి మరీ చేస్తారు. పాపం పని చెడుతుందని ఈవిడ ముందే నొక్కేస్తారు."

"అంటే ఆ బటన్ ఇన్సులిన్ కోసం కాదు."

"కొడుకు కోసమండీ."

"నొక్కాక తినేస్తే అయిపోయేదానికి..."

"హంసిక స్కూల్ బస్సు మూడూ నలభైకి వస్తుంది. మనవరాలు. అప్పుడు ఇద్దరూ కలిసి తింటారు. ఒక్కరే కూర్చుని తినడం ఆవిడకి అలవాటు లేదు."

"ఇలాంటివాళ్ళు దేశం మొత్తంమీద ఎంతమంది ఉంటారు?"

"మా వీధిలో ముగ్గురండీ."

"నేను దేశం గురించి అడుగుతుంటే వీధి గురించి చెప్తావేంటి? సరే. చక్కెర పడిపోతుంటే పంపు దానంతటది ఆగిపోతుంది కదా?"

"ఇవ్వబోయేది ఆపుతుందండీ. ఇచ్చేసింది వెనక్కి తీసుకోలేదు."

"అది నాకు చెప్తావా?"

"పోయిన నెల ఆవిడ గరాజ్ మెట్టు మీద కూర్చుని కనిపించారు. ఆరోజు నేను ఇంట్లోంచి పని చేస్తున్నా. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నారు. నన్ను చూసి, ఈ బస్సు సూర్యాపేట మీదుగా పోతుందా అనడిగారు."

"నువ్వేం చేశావ్?"

"పోతుందని చెప్పి, పంచదార పెట్టానండీ. అంతకుముందు తిన్నారా అని కూడా అడిగాను. తిన్నానన్నారు."

"చూడు రజినీ. ఇరవై ఒక్కేళ్ళు. ఇరవై ఒక్కేళ్ళుగా పంపు నడుముకి కట్టుకుని తిరుగుతున్నవాణ్ణి. ఈ కంపెనీలో నాకంటే ఎక్కువ నొక్కినవాడు లేడు. నొక్కి తినకుండా కూర్చునే మనిషిని నేనింతవరకు చూళ్ళేదు. అది టెస్టు కేసు కాదు, కథ."

"పావుగంట అయిందండీ. మీరు—"

"ఆగు. కౌస్తుభ్ ఫోను. హలో... యా, యా, ఆల్‌మోస్ట్ డన్... నో నో, థర్టీ. థర్టీ వన్ అని ఎవరన్నారు? ... అదా? అది రజిని సరదాగా... ఓకే, చెప్పు... ఊఁ... ఊఁ..."

"..."

"...ష్యూర్. టూ ఓ క్లాక్. బై. అబ్బ! ఇరవై నిమిషాలు తినేశాడు."

"ఆయన తిన్నారు సరే. మీ లంచ్—"

"ముందు ఇది తేలాలి. ముప్ఫై ఒకటో వాళ్ళెవరని అడిగాడు. ఆవిడ టెస్టు మళ్ళీ రన్ వెయ్యి, నా కళ్ళముందు."

"ఇరవై నిమిషాలు పడుతుందండీ."

"పడనీ."

"వేశాను. ఈలోపు మీరు అక్కడ కూర్చుని—"

"సరే, నీ మాటే నిజమనుకుందాం. ఏం చెయ్యాలంటావు?"

"నొక్కిన అరగంటకి పంపు ఇంకోసారి అడగాలండీ."

"ఏమని? తిన్నారా అనా?"

"తిన్నారా అంటే తిన్నామనే అంటారు. ఏం తిన్నారు అని."

"అప్పుడది పంపవ్వదు, మేనత్తవుతుంది. కూరేంటి, పచ్చడేంటి, పెరుగు వేసుకున్నావా! ఏసీ వెయ్యలేదా ఈ గదిలో?"

"వేసే ఉందండీ. అరవై ఎనిమిది డిగ్రీల్లో, చల్లగానే ఉంది."

"వేడిగా ఉంది."

"అదేం చప్పుడండీ?"

"నా చక్కెర కొలిచే సెన్సరు. పొద్దున్నే కొత్తది పెట్టాను. మొదటిరోజంతా తప్పులు చూపిస్తుంది."

"ఎంత చూపిస్తోంది?"

"డెబ్భై. ఏడిసింది."

"పక్కన బాణం పైకి చూపిస్తోందా, కిందికా?"

"టెస్టు చేసేది ఆవిణ్ణి. నన్ను కాదు. ఎంతవరకు వచ్చింది రన్?"

"ఇంకా మొదలేనండీ. మోహన్ గారూ, ఒక్కమాట. ఆ డబ్బా—"

"ఆగాగు, అమ్మ ఫోను. ... ఆ, అమ్మా. ... తిన్నా. ... ఆ, ఇప్పుడే. దోసకాయ పప్పు. బావుంది. ఉప్పు కొంచెం తక్కువైంది. ... లేదు లేదు, మొత్తం తిన్నా. డబ్బా కూడా కడిగేశా. ... సరే. నువ్వు తిన్నావా? ... ఆ. ఉంటా. ఏంటలా చూస్తావ్?"

"ఉప్పు తక్కువైందాండీ?"

"అమ్మ చేత్తో ఎప్పుడూ తక్కువే. ఎక్కడున్నాం మనం? ముప్ఫై... ముప్ఫై..."

"ముప్ఫై ఒకటి."

"అదే. ముప్ఫై. ఏసీ వెయ్యలేదా ఈ గదిలో?"

"రెండోసారి అడిగారండీ. ఇదిగో, ఈ జ్యూస్ తాగండి. ఆపిల్."

"నాకెందుకు? తిన్నానుగా."

"తిన్నారు. తిన్నాక తాగుతారు కదా ఎవరైనా. మూత కూడా తీశాను, పట్టుకోండి. మీరు తాగుతూ ఉంటే రిపోర్టు చదువుతాను."

"రన్ అయిపోయిందా?"

"అవుతోంది. తాగండి. పన్నెండూ యాభై అయిదు. భోజనమని నొక్కారు."

"ఆవిడ ఒంటిగంటకి నొక్కుతుందన్నావు."

"ఈరోజు అయిదు నిమిషాలు ముందండీ. ఇంకో గుక్క. ఒంటిగంటా పది. తినే వేళయింది. ఫోనొచ్చింది, తినలేదు."

"కొడుకా?"

"ఆఫీసువాళ్ళు."

"ఆవిడకి ఆఫీసేంటి? నీకు మతిపోయింది రజినీ."

"తాగండి. ఒంటిగంటా ముప్ఫై అయిదు. వేడిగా ఉందన్నారు. ఒంటిగంటా ముప్ఫై ఏడు. సెన్సరు మొత్తుకుంది. సెన్సరుదే తప్పన్నారు. ఒంటిగంటా నలభై. తిన్నావా అని ఇంటినుంచి ఫోన్. తిన్నానన్నారు. దోసకాయ పప్పన్నారు. ఉప్పు తక్కువన్నారు. డబ్బా కడిగేశానన్నారు."

"...డబ్బా ఏది?"

"ఇదిగోనండీ, మీ మోచేతి దగ్గరే. పక్క క్లిప్పులు కూడా తీయలేదు. అడుగు వరకు తాగండి. ఆఁ. ఇప్పుడు మీ ఫోన్ ఒకసారి ఇటివ్వండి. యాభై నాలుగు. ఇంకో జ్యూస్ ఉంది నా దగ్గర."

"నీ దగ్గర రెండెందుకున్నాయి?"

"రాజేశ్వరమ్మ గారి గురించి తెలిసినప్పట్నుంచి బ్యాగులో పెట్టుకుంటున్నానండీ."

"ఇంతసేపూ చెప్పవేం?"

"నాలుగుసార్లు మొదలుపెట్టానండీ."

"...నాలుగుసార్లా?"

"రెండుసార్లు మీరు ఆపారు. ఒకసారి కౌస్తుభ్ గారి ఫోను. ఒకసారి మీ అమ్మగారు. ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది నేను. అది నా తప్పే."

"నిజంగా తిన్నాననే అనుకున్నా రజినీ. అమ్మతో చెప్తుంటే దోసకాయ ముక్క నోట్లో తగిలినట్టే ఉంది."

"ఉంటుందండీ. రోజూ చెప్పే మాటే కదా. ఇంకోటి. ఏం తిన్నారు అని అడిగే ఆలోచన కొట్టేశాను."

"ఎందుకు?"

"ఉప్పుతో సహా చెప్పారు మీరు."

"...మరేం చేద్దామంటావు?"

"భోజనమని నొక్కగానే సగం ఇన్సులిన్ ఇవ్వాలండీ. చక్కెర పెరగడం మొదలైతే మిగతా సగం. పెరగకపోతే అక్కడితో సరి. అప్పుడు ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఎవర్నీ అడగక్కర్లేదు."

"దానికి ప్రోగ్రామ్ తిరగరాయాలి. ఎంత లేదన్నా రెండు నెలలు. సోమవారం పోతుంది."

"పోతుందండీ."

"కౌస్తుభ్ కూడా నాలాగే అంటాడు. కథ అంటాడు."

"అంటారండీ. అరవై ఎనిమిదికి వచ్చారు మీరు. బాణం పైకే ఉంది. డబ్బా విప్పమంటారా?"

"నేను విప్పుకుంటాలే. టైమెంత?"

"రెండు కావస్తోంది."

"లిస్టు తెరువు. ఆవిడ పేరు తీసెయ్యి."

"మోహన్ గారూ, ఇంతయ్యాక కూడా—"

"విను. నువ్వూ నాలాగా మధ్యలో అడ్డుపడకు. ముప్ఫై ఒకటో నంబరు ఉండనీ. పేరు ఒక్కటే తియ్యి. రాజేశ్వరమ్మ అని ఉంటే, ఎవరో పెద్దావిడ తెలియక నొక్కిందంటాడు కౌస్తుభ్. అక్కడ నా పేరు రాయి."

"మీ పేరా?"

"ఇరవై ఒక్కేళ్ళ అనుభవం అని కూడా రాయి పక్కన."

"రాశానండీ."

"నిజంగానే ఉప్పు తక్కువైంది దీంట్లో. ఆ మోగుతున్నదేంటి, మళ్ళీ నా సెన్సరా?"

"కాదండీ. రన్ అయిపోయింది."

"ఏమొచ్చింది?"

"కృష్ణమోహన్ గారు రెండూ పదికి పోయారండీ."