ఫోటో లేకుంటే చీటీ లేదు

"ఫోటో లేకుంటే చీటీ లేదు, చీటీ లేకుంటే బియ్యం లేదు." ఎవరిదీ మాట? నాది కాదు హిదాయతుల్లా చాచా, మీదే. గోడ మీద మీరే పెయింటు కొట్టిచ్చినారు. కింద మీ పేరు కూడా ఉండాది చూడండి. సదర్, మసీదు కమిటీ, గుత్తి. కొత్త సదర్ వచ్చినా రూలు మారల్యా.

ఇప్పుడేమో "నాకొద్దురా బేటా ఫోటో" అంటే ఎట్ల? కూచోండి. ఆ గోడకు ఆనుకోని. ఇంగొంచెం ఇటు.

ఏం, సిగ్గా? అబ్బో!

మీకంటే ముందర ఈడ కంప్యూటర్ ల్యా, కెమెరా ల్యా. పచ్చ పరదా ఒగటి ఏలాడతా ఉండె, గుర్తుండాదా? రంజాన్‌లో జకాత్ కింద దానమిచ్చే బియ్యం పంచేటప్పుడు ఇచ్చేటోళ్ళు ఆపక్క, తీసుకునేటోళ్ళు ఈపక్క. కింద నుంచి సంచి తోస్తే నిండి వస్తాండె. ఎవరి మొహం ఎవరికీ తెల్దు.

మీరు కమిటీకి పెద్ద, సదర్ అయినారు, పరదా పెరికినారు. "దాపరికం ఉన్న చోట దొంగతనం ఉంటాది. కువైట్ నుంచి దుడ్లు పంపేటోళ్ళకు ప్రతి గింజా చూపియ్యాల. నాయకుడంటే అద్దం మాదిరి ఉండాల." ఎంత బాగా చెప్పినారు! ఇంటర్ తప్పి బస్టాండు కాడ తిరుగుతాండే నన్ను పిలిచి ఈ కుర్చీలో కూచోబెట్టినారు. నేనూ ఎగిరినాలే.

ఫోటోలన్నీ కువైట్‌కు ఈమెయిల్. అది చాలదని బయట అరుగు మీద టీవీ. శుక్రవారం జుమ్మా నమాజ్ అయినాక తీసుకున్నోళ్ళ మొహాలు, పేర్లు తిరగాల. సీరియల్ మాదిరి.

మా నాయన లారీ కింద పడి సచ్చిపోయిన ఏడు, మా అమ్మి కూడా బియ్యానికి వచ్చింది. మీరిచ్చే జీతం యాడికి చాలేది? కొంగు మొహం మీదికి లాక్కునింది. మీరు నా ఎనక నిలబడుకోని ఏమన్నారు? "మొహం కనపడాలమ్మా. కొడుకు ముందర సిగ్గేమి?"

కెమెరా నా చేతిలో ఉండె చాచా.

కొళాయి కాడ ఆడోళ్ళు, "ఏం బీబీ, టీవీలో ఏషం ఏసినావంట కదా? బియ్యం సంచి హీరోయిన్‌వా?" అన్నారంట. ఆ పొద్దు నుంచి కొళాయికి పోదు. నీళ్ళు నేనే మోస్తాండా. ఆ సంచి మూతి కూడా ఇప్పల్యా. పురుగులు తిన్నాయి.

తల దించుకుంటారేమి? మొహం కనపడాల.

మీ చెనిక్కాయల మిల్లు మూతబడితే నేనేం చేసేది? వానలు నేను ఆపినానా? మనవళ్ళు పస్తులుండారా? అయ్యో పాపం. అందుకే కదా బియ్యం. ఒక్క ఫోటో, అంతే.

అదేంది, కంప్యూటర్ మీద గుడ్డ లాగుతాండారు? ఓహో, గుర్తు పట్టినారా? ఆ పరదానే! దుమ్ము పడకుండా కప్పమని మీరే ఇస్తిరి.

యా అల్లా! మొహానికి కప్పుకున్నారే!

నొక్కేసినా. ఫోటోలో పచ్చగుడ్డ, కింద రెండు కాళ్ళు. అయినా చీటీ వచ్చింది చూడండి! మిషనుకు ఏ బొమ్మయినా ఒగటే, గుడ్డనైనా తీసుకుంటాది. మొహం కావాలనింది మిషను కాదు చాచా. మీరు.

చీటీ నా చేతిలో ఉండాది. పరదా కింద నుంచి ఆయప్ప చెయ్యి బయటికొచ్చింది. 

ఏమప్పా, ఇంతసేపు ఇంటాండే మీరు చెప్పండి. ఆ టీవీలో తిరిగింది మీ అమ్మయితే, ఈ చీటీ ఇస్తారా?