చిలకపచ్చ ముక్క

నేరేడుచర్లలోని ఆ ఇంట్లో కోడలు ఫోను పట్టుకొని తిరుగుతోంది. అత్త తను కుట్టిన బొంతను చంకలో పెట్టుకొని కోడలి వెనకాలే నడుస్తోంది.

“అత్తమ్మా, మిద్దె మీద పరుద్దాం. మంచి వెలుగుంటది.”

“ఎండకు రంగు పోతది.”

“ఒక్క ఫొటోకేనా? పోనీ, అరుగు మీద?”

“దుమ్ము.”

“కిటికీ కాడ మంచం మీద?”

“గాడ అన్నీ కనబడతయ్.”

“కనబడాలెననే గద ఫొటో! వాట్సాప్‌ల సూడకుంట ఎవరు కొంటరు?”

“బియ్యం బస్తాల కాడ పెట్టు. సల్లగుంటది.”

“బొంతకు సల్లదనమెందుకు? నిజం చెప్పు, ఏం దాస్తున్నవ్?”

“నడిమిట్ల చిలకపచ్చ ముక్క ఉంది సూడు. అది మా ఆడిబిడ్డ చీర. పెండ్లిల పోయిందని పదేండ్ల సంది ఎతుకుతున్నది.”

“హుజూర్‌నగర్ అత్తమ్మదా! నువ్వు తీసినవా?”

“మెల్లగ! నా పెట్టెలనే దొరికింది. అప్పటికే ఆమె అందరినీ దొంగలన్నది. ఇగ ఏ మొకం పెట్టుకొని ఇయ్యాలె? అందుకే కోసి బొంతల కుట్టిన. నీ వాట్సాప్ రోజూ సూస్తది.”

“అయితే మంచం మీదనే పరుద్దాం. ఆ ముక్క మీద నువ్వు కూసో. కుట్టినామె గూడ ఫొటోల ఉంటే మంచిదే.”

“కూసున్న. కనబడుతుందా?”

“కొంచెం గూడ లేదు. జర నవ్వు.”

“నవ్వు ఆగుతలేదే పిల్లా. ఇన్నేండ్లకు ఆడిబిడ్డ నెత్తి మీద కూసున్నట్టుంది.”