రందూ సర్క్యూట్‌లో సర్వోనోని తడపలేని వాన

రందూ సర్క్యూట్ మొదటి రేసు సంగతి ఎవరెత్తినా సర్వోనో కాఫీ గ్లాసు పక్కన పెట్టేస్తాడు. ఆ రోజు తుమీనా కాఫీ కొట్లో ఆయనకెదురుగా కూర్చున్నది గిలాంగ్ మరి. రేపటి యాభయ్యేళ్ళ పండగ రేసుకి జెండా ఊపే పెద్దమనిషి కోసం వెతుకుతున్న కమిటీవాడు. ఆ జెండా తనకే రావాలని ముసలాయన ప్రాణం కొట్టుకుంటోంది. నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొస్తోంది.

"అప్పుడక్కడ సర్క్యూటెక్కడిది నాయనా, చెరుకు బళ్ళు తిరిగే మట్టిబాట. నా పాత స్కూటరేసుకుని నాలుగు చుట్లు కొట్టేసరికి గట్టిపడి రోడ్డయి కూర్చుంది."

"ఒక్కడివేనా తాతా?"

"మరింకెవరు? సరే, రేసు మొదలైందో లేదో కెలూద్ కొండ మీంచి వాన తరుముకొచ్చింది. అందరూ ఆగిపోయారు. నేనాగితేగా? గేరు మార్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన నా వెనక చక్రం దాకా వచ్చి, ఇంక అందుకోలేకపోయింది. వెనక సీటు మీద తవుడు బస్తా నానిపోయింది గానీ, నా చొక్కా మీద చుక్క పడితే ఒట్టు. ఇంకాస్త తిప్పాను. ముందెవడో పోతున్నాడు. ఎవడా అని చూద్దును కదా, నా వీపే. దాన్నీ దాటేశాను. మొదటి బహుమతీ నాకే, రెండోదీ నాకే."

పులియబెట్టిన సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తున్న తుమీనా గరిటె ఆపింది.

"ఆ రోజు రేసే జరగలేదు కదా బావా. వాన రాకుండా మిరపకాయలూ ఎర్ర ఉల్లిపాయలూ పుల్లకి గుచ్చి, బాట పక్కన పాతి రమ్మని మా నాన్న నీ చేతికిచ్చాడు. నువ్వేమో దారిలో ఇక్కడ ఆగి, వేడి టెంపేలోకి అవన్నీ నంజుకు తినేశావు. కుండపోత. బళ్ళన్నీ బురదలో దిగబడిపోయాయి."

కొట్టంతా ఘొల్లుమంది. సర్వోనో ముఖం మాడిపోయింది. జెండా చేజారినట్టే అనుకున్నాడు.

"నవ్వింది చాల్లెండి," అంది తుమీనా. "మర్నాటి నుంచి ఆ బురదంతా ఎత్తిపోసి, రాళ్ళు మోసి బాటంతా పరిచింది కూడా ఈయనే. ఇన్నేళ్ళలో ఆ ఒక్క ముక్కా చెప్పుకోడు."

గిలాంగ్ సంచీలోంచి గళ్ళ జెండా తీసి ముసలాయన ఒళ్ళో పెట్టాడు. సర్వోనో కళ్ళు తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక, ఎదురుగా పళ్ళెంలో ఉన్న మిరపకాయ మీద చెయ్యేశాడు.

తుమీనా పళ్ళెం లాగేసుకుంది. "రేపు జెండా నువ్వు ఊపు బావా. మిరపకాయలు నేను పాతుకుంటాను."