కంచె దాటిన మట్టి

డెల్బర్ట్ క్రెష్నర్ చలికాలమంతా ఫ్లోరిడాలో ఎండ కాచుకుని మార్చిలో మా ఊరికి తిరిగొస్తాడు. వచ్చిన మొదటి శుక్రవారమే ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే ఈస్టర్ ముందు మాంసం మానేసే తపస్సుకాలపు చేపల విందుకి హాజరవుతాడు. చేపల కోసం కాదు, మా చెవుల కోసం. ఫ్లోరిడా ముసలాళ్ల చెవులు మూడు నెలల్లో అరగదీసేసి ఉంటాడు, ఇక మావి కావాలి.

ఈసారి మా బల్ల దగ్గర నేనూ, పొద్దున్నుంచీ చేపలు వేయించి ఏప్రన్‌తోనే కుర్చీలో కూలబడ్డ నార్బ్, మాకెదురుగా వెర్నా సబోల్ ఉన్నాం. వెర్నా సంగతి డెల్‌కి ఇంకా తెలీదు. ఊళ్లో మిగతా అందరికీ తెలుసు. మొగుడు ఎమిల్ పోయాక ఇల్లమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుందావిడ. కొనేవాళ్లు పెరటి మట్టి పరీక్ష చేయిస్తే క్రోమియం విషం తేలింది. బేరం పోయింది. ఆ వెంటనే రాష్ట్రం వాళ్ల ఉత్తరం వచ్చింది: స్థలం నీది, మట్టి తెచ్చి పోసుకున్నది నువ్వు, కాబట్టి తీయించి శుభ్రం చేయించాల్సిందీ నువ్వే, కాదంటే అది ఎవరి మట్టో సాక్ష్యం చూపించు అని.

ఎవరి మట్టో మాకందరికీ తెలుసు. ఆరేళ్ల కిందట డెల్ మా ఊరి చివర, కార్ల బంపర్లకి క్రోమ్ పూత పూసే పాత ఫ్యాక్టరీ స్థలం కొన్నాడు. దాన్ని శుభ్రం చేసేటప్పుడు తవ్విన మట్టి గేటు పక్కన గుట్ట పోసి, అట్టముక్క మీద ‘మంచి మట్టి, ఉచితం’ అని రాసిపెట్టాడు. మా ఊళ్లో పెరళ్లన్నీ పల్లం. ఊరికే మట్టి ఇస్తున్నారంటే బండేసుకుని పరిగెత్తనివాడు ఎవడున్నాడు?

“డెల్, ఆ ఫ్యాక్టరీ కథ ఒకసారి చెప్పవూ,” అంది వెర్నా, బంగాళదుంప కూరిన పిరోగీని ఫోర్కుతో రెండు ముక్కలు చేస్తూ.

డెల్‌ని కథ చెప్పమని అడిగినవాళ్లు ఆయన పుట్టాక లేరు. మొహం వెలిగిపోయింది. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా వెర్నా. నా డబ్బా నేను కొట్టుకోవడం నాకస్సలు ఇష్టముండదు.”

నార్బ్‌కి పొలమారింది.

“దగ్గు నార్బ్, దగ్గు, తర్వాత మంచినీళ్లు తాగు. ఆ స్థలాన్ని ఇరవయ్యేళ్లు ఎవడైనా ముట్టుకున్నాడా? ముట్టుకోలేదు. ఎందుకనీ? కొన్నవాడి నెత్తిన పాత పాపమంతా పడుతుందని భయం. ఎవడో ఎప్పుడో పారబోసిపోయిన విషానికి ఇవాళ కొన్నవాడు కోర్టుల చుట్టూ తిరగాలి. అప్పుడు నేనేం చేశానో తెలుసా? తిన్నగా రాష్ట్రం ఆఫీసుకెళ్లి బల్ల మీద చెయ్యేసి, ‘అయ్యా, నన్నెవరూ మెడపట్టి తోయలేదు, నా అంతట నేనే వచ్చి ఆ నేల శుభ్రం చేస్తా, చేశాక నామీద ఎవడూ దావా వెయ్యకుండా కాగితమిస్తారా?’ అన్నాను. ఆ ఆఫీసరు లేచి నిలబడ్డాడు! ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఎవరూ చెప్పకుండా వచ్చి చేస్తానన్న మనిషిని నన్నే చూశాట్ట. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు పాపం.”

“అక్కడ వరసలో పన్నెండుమంది ఉన్నారనీ, ఫారం నింపి వెళ్లమన్నారనీ నాతో చెప్పావే,” అన్నాడు నార్బ్.

“ఫారం కూడా నింపానయ్యా, అదో పక్క. సరే, తవ్వడం మొదలెట్టాం. మొదటిరోజు అడుగు లోతులో ఒక డ్రమ్ము. ఒక్కటంటే ఒక్కటే, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండోరోజు నలభై. మూడోవారానికి లెక్కపెట్టేవాడికి చేతివేళ్లు చాలక బూట్లు విప్పి కూర్చున్నాడు. మొత్తం నాలుగు వేలు తేలాయి!”

“నేనక్కడ ఇరవై రెండేళ్లు పనిచేశాను డెల్,” అన్నాను. “ఆ ఫ్యాక్టరీ పుట్టాక దానికి నాలుగు వేల డ్రమ్ములు రాలేదు.”

“నువ్వు పైన పనిచేశావు రెమో. నేను కిందికెళ్లాను. కింద ఏముందో నీకేం తెలుసు? పచ్చటి నీళ్ల మడుగుంది. అందులో నా పార జారిపడింది. లాగి చూద్దును కదా, పారంతా క్రోమ్ పూత! దాంట్లో చూసుకుని గడ్డం గీసుకున్నానంటే నమ్ము. ఇంతలో మా కుక్క డ్యూక్, వద్దురా వద్దురా అంటున్నా ఆగకుండా దూకేసింది. బయటికొచ్చింది చూడూ, తోక చివర్నుంచి ముక్కుదాకా కొత్త బంపరే! అది రోడ్డు దాటుతుంటే మెరుపు కళ్లల్లో కొట్టి లారీలు ఆగిపోయేవి. వానలో తడిసినా తుప్పు పట్టేది కాదు.”

పక్క బల్లలవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఫ్యాక్టరీలో పూత పూసే తొట్ల మీంచి లేచిన ఆవిరి పీల్చి నా ముక్కు లోపలి గోడకి చిల్లు పడింది. నాతోపాటు తొట్ల దగ్గర నిలబడినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనూ, ఇంకొకడూ. వాడు కూడా ఆక్సిజన్ సిలిండరుతో తిరుగుతున్నాడు. మా ఒంట్లోకెక్కిన విషాన్ని ఈయన కుక్కకి పూత పూసి నలుగుర్నీ నవ్విస్తున్నాడు.

“ఇంకా తవ్వాం. అరవై అడుగులు, వంద, మూడు వందలు! అక్కడ పాత బొగ్గుగని కప్పు తగిలింది. కప్పుకి చిల్లు పడగానే కింద దీపాలు పెట్టుకుని పోతున్న గనివాళ్లు తలెత్తి, ‘ఎవరూ, డెల్బర్టా? బాగున్నావా?’ అని పలకరించారు.”

“ఆ గని నేను పుట్టకముందే మూసేశారు,” అన్నాడు నార్బ్.

“అందుకే మరి, మనిషి కనబడేసరికి వాళ్లకంత సంతోషం!”

హాలంతా గొల్లుమంది. వెర్నా కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. “అంత లోతు తవ్వావు కదా, ఆ మట్టంతా ఏమైంది డెల్?” అంది. నార్బ్ నావైపు చూశాడు. ఆవిడ ఎందుకడుగుతోందో మా ఇద్దరికీ అర్థమైంది. ఆయన్ని హెచ్చరించలేదు. ఆవిడకీ సాయం చెయ్యలేదు. తినడంలో పడ్డాం.

“మట్టి దగ్గరికొస్తా, కంగారెందుకు. ముందు కాగితం సంగతి వినాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసర్లు ఏడుగురొచ్చారు. నేలంతా మూడు రోజులు మూతిపెట్టి వాసన చూశారు. ఇంత శుభ్రమైన నేల ఈ రాష్ట్రంలో చర్చి లోపల కూడా లేదన్నారు. కాగితం చేతిలో పెట్టారు. కాగితమా అది! ఇదివరకు జరిగినదానికి నామీద గానీ, నా తర్వాత కొన్నవాడి మీద గానీ రాష్ట్రం దావా వెయ్యదు, ఇంకెవడూ వెయ్యకూడదు. సంతకం, ముద్ర. అప్పట్నుంచీ చొక్కా జేబులో పెట్టుకునే తిరుగుతున్నా. హైవే మీద పోలీసు నా బండి ఆపాడు, డ్రైవింగ్ లైసెన్సు బదులు ఈ కాగితం చూపించా. సలాం కొట్టి, దార్లో మిగతా బండ్లన్నీ పక్కకి తప్పించాడు. జింకల వేటకి పోతే ఎలుగుబంటి ఎదురొచ్చింది. తుపాకీ తియ్యలేదు, కాగితం తీశా. రెండు పేరాలు చదివేసరికి అది నేను నీ జోలికి రానన్నట్టు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది!”

“ఎలుగుబంటికి చదువొచ్చా?” అన్నాడు పక్క బల్ల మీంచి ఎవరో.

“నేను చదివి వినిపించానయ్యా! పోయినేడు ఈస్టర్‌కి ముందు పాపసంకీర్తనానికి వెళ్లాను. ఫాదర్ మైరన్ చెక్క కిటికీ అవతల కూర్చుని, చెప్పు నాయనా నీ పాపాలు అన్నాడు. కిటికీ కిందనుంచి కాగితం తోశాను. కింద ముద్ర దాకా చదివాడు. తర్వాత, ‘నాయనా, ఇది ఉన్నాక నాతో నీకేం పని? వెనక జనం ఉన్నారు, లే’ అన్నాడు. పైకి పోయాక కూడా ఇదే చూపిస్తా. స్వర్గం గేటు దగ్గర నన్ను ఒక్క ప్రశ్న అడగమను చూద్దాం!”

“మట్టి, డెల్,” అంది వెర్నా.

ఆపాటికి ఆయనకి ఒళ్లు తెలీడం లేదు. హాలు మొత్తం ఇటే తిరిగి వింటోంది. అంతకన్నా ఏం కావాలాయనకి?

“మట్టా! మట్టి సంగతి నన్నడుగు! దాన్ని మూట కట్టి ఎక్కడో విషం పాతిపెట్టే గోతికి లారీల్లో తోలాలని చెప్పారు. తోలానా? నేనేమన్నా వెర్రివెంగళప్పనా? నా ఊరికి పంచాను! మన లోకస్ట్ వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నా మట్టి మీదే నిలబడి ఉంది. మీ ఎమిల్ బండిలోకి నా చేత్తో నేనే లోడరుతో ఎత్తి పోశాను వెర్నా, పదకొండు ట్రిప్పులు! వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టాడు మహానుభావుడు. నా మట్టితో ఈ ఊరు రెండడుగులు పైకి లేచింది. రేపు వరదొస్తే కౌంటీ అంతా మునుగుతుంది, మనం మాత్రం పైన కూర్చుని చూస్తాం. ఎవడైనా నన్నేమైనా అన్నాడా? ఎవడంటాడు? కాగితముంది!”

జేబు మీద చరుచుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెర్నా ఫోర్కు పళ్లెంలో పెట్టింది. “నీ కాగితం నేను చదివాను డెల్. కౌంటీ రికార్డు ఆఫీసులో ఎవరడిగినా చూపిస్తారు. నాలుగు పేజీలు. ఎలుగుబంటి లేదు, ఫాదర్ మైరన్ లేడు. ఫ్యాక్టరీ కంచె ఉంది. ఆ కంచె లోపలున్న నేలకి మాత్రమే ఈ హామీ అని రెండో పేజీలో రాశారు. కంచె దాటి బయటికి తీసుకుపోయిన దేనికీ నీకు ఏ రక్షణా లేదు.”

డెల్ జేబు మీంచి చెయ్యి తీసేశాడు.

“నా పెరట్లో క్రోమియం ఉందట. నేనే శుభ్రం చేయించాలట. నా అంతట నేనే చేయిస్తాను, మరి నాకూ డెల్బర్ట్‌కి ఇచ్చినటువంటి కాగితం ఇవ్వండని అడిగాను. అది పాపం చెయ్యనివాళ్లకట. నువ్వు విషం పొయ్యలేదు, పోసిన స్థలం కొన్నావు, అందుకని నీకిచ్చారు. మేము మా బండిలో మేమే తెచ్చుకున్నాం కదా, అందుకని నాకివ్వరు. ఎమిల్ ఆ మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని నాలుగేళ్లు మిరప నారు పెట్టాడు.” ఆవిడ సంచిలోంచి ఒక కాగితం, పెన్ను తీసి పళ్లేల మధ్య పెట్టింది. “పదకొండు ట్రిప్పులన్నావు. నీ చేత్తోనే ఎత్తి పోశానన్నావు. అదే ముక్క ఇక్కడ రాసి సంతకం పెట్టు. నా ఇల్లు నేను అమ్ముకుంటాను.”

డెల్ మొహంలో రంగు మారింది. పెన్ను వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా నవ్వు మొహం పెట్టాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

“వెర్నా, నేను చెప్పినవన్నీ నమ్ముతావా ఏమిటి? క్రోమ్ కుక్కని నమ్మావా? గనివాళ్లు నన్ను పేరు పెట్టి పిలిచారంటే నమ్మావా? మరి ఇదొక్కటే ఎందుకు నిజమనుకున్నావు? నేను కోతలు కోస్తానని ఊరందరికీ తెలుసు. ఏ జడ్జి ముందు నిలబెట్టినా పదిమంది వచ్చి అదే చెబుతారు. ఎమిల్‌కి ఆ మట్టి ఎక్కడ దొరికిందో, ఏమో, నాకేం తెలుసు?”

ఎంత హాయిగా తప్పుకున్నాడో చూడండి. ఇన్నేళ్లూ ఈయన అబద్ధాలు సరదాకని మేం నవ్వుతూ వచ్చాం. ఒక్కరోజు నిజం చెప్పి, దాన్ని కూడా ఆ అబద్ధాల కుప్పలో దాచేసుకున్నాడు.

వెర్నా ఆయన్ని వదిలేసింది. కాగితం మా వైపు తిప్పింది. “మీరు విన్నారు. ఆ అట్టముక్క మీ కళ్లతో మీరు చూశారు. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలని రాష్ట్రం వాళ్లన్నారు. రెమో? నార్బ్?”

నార్బ్ లేచి, నూనె కాగిపోతోందంటూ వంటగదిలోకి పోయాడు. స్టవ్వు కట్టేసి అప్పటికే గంటైంది. పక్క బల్లలవాళ్లు కోట్లు వెతుక్కోవడం మొదలెట్టారు. నా పెరట్లో కూడా మూడు బండ్ల మట్టి ఉంది. నేను సంతకం పెడితే రేపు మట్టి పరీక్షించే గొట్టం పట్టుకుని నా పెరట్లోకీ వస్తారు. అప్పుడు వెర్నాకొచ్చిన ఉత్తరమే నాకూ వస్తుంది. నాకు ఆ ఇల్లు తప్ప ఇంకేమీ లేదు. లోకస్ట్ వీధిలో ఎవరికి మాత్రం ఉంది? పెన్ను నా చేతికి జానెడు దూరంలో ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి మాత్రం ముందుకి చాచలేదు, పళ్లెంలో మిగిలిన క్యాబేజీ వైపు చూస్తూ కూర్చున్నాను.

వెర్నా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, కోటు తొడుక్కుని, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది.

“రాష్ట్రం ఇతన్ని కంచె దాకానే కాపాడింది,” అంది. “అక్కణ్ణుంచి ఇవతలంతా మీరే కాపాడుతున్నారు.”