మేకకు తగ్గిన శిక్ష

"రేపు కోర్టుల తప్పు ఒప్పుకోవాల్నా, కొట్లాడాల్నా?" అని అడిగిండు బీరన్న. రోడ్డుపొంటి సర్కారు నాటిన మొక్కలను ఆయన గొర్లు మేసినయని కేసు. ఒప్పుకుంటే జైల్లో ఏస్తరేమోనని భయం, కొట్లాడితే వాయిదాలకు తిరుగుతుంటే మందను ఎవరు కాస్తరని ఫికర్. కేతేపల్లి చాయ్ హోటల్ల అంతమంది ఉండంగ, పోయిపోయి ఐలేశం మామను అడిగిండు. ఇగ అయిపాయె.

"ఒప్పుకోకు బిడ్డా! జల్ది ఒప్పుకున్నోనికి శిక్ష తగ్గిస్తమంటరు, అంతా దగా! నా మేక మీద గిదే కేసయితే నేనేం చేసిన్నో ఎరికేనా? కోడి కూయకముందే కోర్టుకు పోయిన. ఊడ్చే ఆమెకు ఒప్పుకున్న. తాళం తీసెటోనికి ఒప్పుకున్న. జడ్జి సారు కారు దిగుతుంటే డోరు పట్టుకొని, 'ముప్పై మొక్కలు సారూ' అన్న."

"కేసు నాలుగు మొక్కలదే గద మామా?" అన్న నేను.

"నాలుగు ఒప్పుకుంటే ఇజ్జత్ ఏముంటదిరా? ముప్పై గూడ కాదు, అమ్రాబాద్ అడివి సగం నా మేకనే మేసింది, పులులకు నీడ లేకుంట చేసింది నేనే, రాసుకోండ్రి అన్న! రాసేటాయన పెన్నుల సిరా అయిపాయె. జడ్జి సారు కండ్ల నీళ్లు పెట్టుకొని, 'ఐలేశం, ఇంత జల్ది ఒప్పుకున్నోన్ని నా సర్వీసుల చూడలే' అని శిక్ష సగం కోసిండు. ఆ సగంల సగం కోసిండు. కోసుకుంట కోసుకుంట పోతే, ఆఖరికి నా బదులు ఇద్దరు పోలీసులు జైలుకు పోవాల్నని తేలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గప్పుడు లేసింది మేక!"

"మేకనా?"

"ఆఁ! బోనెక్కి, జడ్జి సారు మొఖం చూసి 'మే' అన్నది. 'ఇది మేసేటప్పుడే అందరి ముంగట ఒప్పుకున్నది, నువ్వే ఆలస్యం' అని జడ్జి సారు, నాకిచ్చిన తగ్గింపంతా దానికి రాసిండు! నాకు జుర్మానా, దానికి కడుపునిండ గడ్డి! గిది న్యాయమా? గందుకే చెప్తున్న, ఒప్పుకోకు!"

బీరన్న మొఖం వాడిపోయింది. హోటల్ గుర్వమ్మ చాయ్ గిన్నె దించింది.

"నేను గా దినం ఆడనే ఉన్న బీరన్నా, నా కొడుకు బండి చలానా కట్టనీకి పోయిన. జడ్జి సారు ఈయన్ను మంచిగనే అడిగిండు. 'మేక నీదేనా? ఒప్పుకుంటే మందలించి ఇడిచిపెడ్త' అన్నడు. ఈయన గుండె మీద చెయ్యేసుకొని, 'దాని మొఖం గూడ ఎన్నడు చూడలే సారూ' అన్నడు. పోలీసులు పట్టుకొచ్చి బయట యాపచెట్టుకు కట్టేసిన మేక ఈయన గొంతు ఇన్నది. తాడు తెంపుకొని, మెట్లెక్కి ఉరికొచ్చి, ఈయన ధోతిల తలకాయ పెట్టి ఒర్రింది. కోర్టంత ఒక్కటే నవ్వుడు. గందుకు పడ్డది జుర్మానా."

బీరన్న లేచిండు. "రేపు పొద్దుగాలనే పోయి ఒప్పుకుంట. మందను జర చూసుకోండ్రి" అనుకుంట పోయిండు.

మామ చాయ్ గ్లాసు బల్ల మీద టక్కున కొట్టిండు.

"మరి నేనేమన్న? నాకంటె ముందు మేకనే ఒప్పుకున్నదని చెప్పిన్నా, లేదా?"